వైద్యం ఆగిన చోట మొదలయ్యే చదువు

కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న డోంగ్లి 2022లో మండల కేంద్రమైంది. బాన్సువాడ డివిజన్‌లోని ఇలాంటి ఊళ్లకు కంటి వైద్యం కొంతైనా చేరింది. 2018 ఆగస్టు 15న మొదలైన 'కంటి వెలుగు' ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచింది. శుక్లాలకు ఆపరేషన్ ఉంది. కానీ గ్లాకోమా వల్ల పోయిన చూపు తిరిగి రాదు. "ఇక చేసేదేం లేదు" అని డాక్టరు చెప్పాక ఏం చేయాలో ఇంటివాళ్లకు తెలియదు. ప్రేమకొద్దీ అన్నం కలిపి పెడతారు, గడప దాటనివ్వరు. నిన్నటిదాకా చేను చూసుకున్న మనిషి మంచం పట్టినట్టే అయిపోతాడు.

అలా కావాల్సిన అవసరం లేదు. చూపు లేకుండా సొంతంగా బతకడం నేర్పే పద్ధతులు ఎనభై ఏళ్లుగా ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో కళ్లు పోయిన సైనికుల కోసం 1944లో అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ పొడవాటి కర్రతో నడిచే విధానాన్ని రూపొందించాడు. కర్ర నేల నుంచి దాదాపు ఛాతీ దాకా ఉండాలి. కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొస ఎడమ పక్కన నేలను తాకాలి, ఎడమకాలు వేసేటప్పుడు కుడి పక్కన. అంటే తర్వాతి అడుగు పడే చోటు ముందే తెలిసిపోతుంది. పల్లెలో ఫుట్‌పాత్‌లుండవు, సిమెంటు రోడ్డు మట్టితో కలిసే అంచే దారి చూపుతుంది. మూతలేని మురికికాలువను కాలికంటే ముందు కర్ర పట్టేస్తుంది. పెరట్లోని మరుగుదొడ్డి దాకా నడుమెత్తున ఓ తాడు కడితే రాత్రిపూట ఎవర్నీ లేపే పని ఉండదు.

వంటింటి పాఠాలు వేరు. గిన్నెను పొయ్యి మధ్యలో సరిగ్గా కుదుర్చుకున్నాకే మంట వెలిగించాలి. తాలింపు సంగతి ఆవాల చిటపట, కరివేపాకు వాసన చెబుతాయి. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, కారానికి రెండు. కంచాన్ని గడియారంలా అనుకుని పన్నెండు దగ్గర పప్పు, మూడు దగ్గర కూర అని చెబితే తినే మనిషి తడుముకోనక్కర్లేదు. చూపు కొంత మిగిలినవాళ్లకు మెట్ల అంచున పసుపు పట్టీ అతికించినా చాలా తేడా కనిపిస్తుంది.

డబ్బు లెక్క మరీ ముఖ్యం. కొత్త నోట్లలో వందది 142 మిల్లీమీటర్ల పొడవు, రెండువందలది 146, అయిదువందలది 150. వంద నోటు అంచుల్లో నాలుగు ఉబ్బెత్తు గీతలుంటాయి, అయిదువందల నోటుకు అయిదు. నోటు నలిగి గీతలు అరిగితే, రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన 'మణి' యాప్ ఫోను కెమెరాతో చూసి విలువ చెబుతుంది.

పిల్లలకైతే బడులున్నాయి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టుకతోనే చూపు లేని బొల్లా శ్రీకాంత్ హైదరాబాద్‌లోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివి, అమెరికాలో ఎంఐటీకి వెళ్లి, తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ పరిశ్రమలు స్థాపించారు. యాభయ్యో ఏట చూపు పోయిన రైతుకు అలాంటి బడి ఏదీ? హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పునరావాస విభాగం ఉంది. డోంగ్లి నుంచి అక్కడికి వెళ్లి రోజుల తరబడి ఉండటం పేద కుటుంబానికి భారం. పైగా నగరంలో నేర్చుకున్న దారి వేరు, సొంత వాకిలి వేరు. అందుకే శిక్షకుడే ఇంటికి రావాలి. ఆ పెరట్లో, ఆ పొయ్యి దగ్గర, ఆ చేనిగట్టు మీదే నేర్పాలి. ఇంటివాళ్లకూ నేర్పాలి: చేయి పట్టి లాగొద్దు, మీ మోచేతి పైభాగం వాళ్లను పట్టుకోనిచ్చి అరడుగు ముందు నడవండి అని.

1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించిన సర్వేలో అంధత్వం 1.84 శాతం అని తేలింది. అందులో సుమారు 60 శాతం శుక్లాల వల్ల, సరైన అద్దాలు లేక వచ్చిందే. అది నయం చేయగలిగేది. శిక్షణ కావాల్సింది నయం కాక మిగిలిపోయేవాళ్లకు. వైకల్య నిర్ధారణ శిబిరంలో సర్టిఫికెట్ వస్తుంది, 2023లో 4,016 రూపాయలకు పెరిగిన పింఛను వస్తుంది. సహాయం అక్కడితో ఆగిపోకూడదు. సర్టిఫికెట్ చేతికిచ్చిన రోజే ఆ పేరు ఓ శిక్షకుడికి చేరాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 27వ సెక్షన్ పునరావాస బాధ్యతను ప్రభుత్వంతో పాటు స్థానిక సంస్థల మీదా పెట్టింది. చూపు కోల్పోయినవారి జాబితా రాయడం, వాళ్ల వీధిలో కాలువలకు మూతలు వేయించడం ఏ గ్రామ పంచాయతీ అయినా ఈ ఏడాదే మొదలుపెట్టగల పనులు.