అనుమానానికి శిక్ష మరణమా?

మాదకద్రవ్యాలు ఎంత కీడు చేస్తాయో అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మనకు వేరే చెప్పనక్కరలేదు. హైస్కూలు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ భయం ఉంది. అందుకే 2025 సెప్టెంబరు 2న కరీబియన్ సముద్రంలో అమెరికా సైన్యం ఒక పడవను పేల్చివేసి, చనిపోయిన 11 మందీ స్మగ్లర్లేనని ప్రకటించినప్పుడు "మంచి పనే" అన్నవారు మన మిత్రుల్లోనూ ఉన్నారు. ఆ ఏడాది ముగిసేసరికి ఇలాంటి దాడుల్లో మృతుల సంఖ్య వంద దాటింది.

దశాబ్దాలుగా కోస్ట్ గార్డ్ పాటిస్తున్న పద్ధతి వేరు. అనుమానం వస్తే పడవను ఆపుతారు. ఆగకపోతే హెచ్చరించి, ఇంజన్ మీద కాల్చి ఆపుతారు. సరుకు దొరికితే మనుషుల్ని కోర్టులో నిలబెడతారు. నేరం రుజువైతే సాధారణంగా పడేది జైలు శిక్షే.

మరి పేల్చివేయడం చట్టబద్ధమా? ముఠాలతో దేశం సాయుధ పోరాటంలో ఉందని ప్రభుత్వం 2025 అక్టోబరులో కాంగ్రెసుకు తెలిపింది. మత్తుమందు రవాణా ఎంత ఘోరమైనా అది నేరమే గాని యుద్ధం కాదని చాలామంది న్యాయకోవిదుల వాదన. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల అధిపతి ఫోల్కర్ టర్క్ కూడా ఈ దాడులు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమన్నారు.

వృత్తిరీత్యా నేను బ్యాంకుల కంప్యూటర్ వ్యవస్థల మీద పనిచేస్తాను. మోసాలను పట్టే ప్రోగ్రాం ఎంత జాగ్రత్తగా రాసినా, ఒక్కోసారి నిజాయితీపరుడి కార్డునూ ఆపేస్తుంది. ఆయన ఫోన్ చేస్తే విచారించి తెరుస్తారు. బాంబు పడ్డాక ఫోన్ చేయడానికి మనిషే మిగలడు.

ఇది ఊహ కాదు. 2001 ఏప్రిల్ 20న పెరూ వైమానిక దళం ఒక చిన్న విమానాన్ని స్మగ్లర్లదనుకుని కాల్చింది. దాన్ని మొదట గుర్తించి సమాచారం ఇచ్చింది సీఐఏ నిఘా విమానం. అందులో ఉన్నది ఒక అమెరికన్ మిషనరీ కుటుంబం. తల్లి, నెలల పాప చనిపోయారు. మత్తుమందు లేదు.

2025 అక్టోబరులో జరిగిన ఒక దాడిలో ఇద్దరు బతికి బయటపడ్డారు. అమెరికా వారిని విచారించకుండానే సొంత దేశాలకు పంపేసింది. ఈక్వడార్ వాసిని అక్కడి అధికారులు, కేసు పెట్టడానికి ఆధారం లేదని వదిలేశారు. అతనూ చనిపోయి ఉంటే స్మగ్లర్ల లెక్కలోనే చేరిపోయేవాడు.

"ఎన్‌కౌంటర్" అనే మాట వింటూ పెరిగిన తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. 2019లో హైదరాబాద్ శివార్లలో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు పూలు చల్లినవారున్నారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ 2022లో తేల్చింది.

పిల్లలూ! డ్రగ్స్ జోలికి పోవద్దని మీకు ఎన్నిసార్లు చెబుతున్నామో, నేరం రుజువయ్యేదాకా ఎవరూ దోషి కాదన్న సివిక్స్ పాఠాన్నీ అంత గట్టిగా గుర్తుంచుకోండి. పెద్దలారా! పౌరసత్వం తీసుకున్న మనకు ఓటుంది. మన ప్రతినిధికి ఉత్తరం రాసి, ఆధారాలు ఏవని అడుగుదాం.