సర్కారు ఇల్లు వస్తే మొహల్లా మారుతుంది: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

బీడీలు చుట్టే ఇల్లాలికి, మగ్గం మీద కూలీకి ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. కాబట్టి హోమ్ లోన్ మీద పన్ను రాయితీ అంటే వారికి వచ్చేది ఏమీ లేదు. అమెరికాలో 1986 నుంచి దీనికి ఒక దారి ఉంది. పేదల కోసం ఇళ్లు కట్టడానికి డబ్బు పెట్టినవారికి ప్రభుత్వం పన్ను తగ్గిస్తుంది, బదులుగా ఆ ఇళ్లను తక్కువ కిరాయికి ఇవ్వాలి. మన దగ్గర కూడా 2016లో చిన్న ఫ్లాట్లు కట్టే బిల్డర్లకు పన్ను మినహాయింపు తెచ్చారు. కానీ చిన్న టౌన్లలో పేదవాడికి ఇల్లు అంటే ఇప్పటికీ సర్కారు ఇచ్చేదే.

ఊరి బయట కొత్త ఊరు

డబుల్ బెడ్‌రూమ్ పథకం 2015లో మొదలైంది. 560 చదరపు అడుగుల ఇల్లు, ఇల్లాలి పేరు మీద పట్టా. సిరిసిల్ల పేదల కోసం మండెపల్లిలో కట్టిన 1,320 ఇళ్లను 2021 జులై 4న కేసీఆర్ ప్రారంభించారు. జగిత్యాల వాళ్ల కోసం నూకపల్లిలో కట్టిన కాలనీని 2023 అక్టోబర్‌లో కేటీఆర్ ప్రారంభించారు. రెండూ టౌన్‌కు బయటే ఉన్నాయి.

పథకం రూల్స్ ప్రకారం పట్టణాల్లో మైనారిటీల వాటా 12 శాతం, పల్లెల్లో 7 శాతం. అంటే పట్టణ కోటాలో వంద ఇళ్లకు పన్నెండు. పాత మొహల్లాలో పక్కపక్కనే ఉన్న కుటుంబాలు ఇక్కడ అందరి మధ్య కలిసిపోతాయి. ఇది మంచిదే. కానీ మస్జిద్, ఖబ్రస్తాన్, పిల్లల స్కూలు, బీడీ కార్ఖానా నడిచి వెళ్లేంత దూరంలో ఉండవు. రోజూ ఆటో ఖర్చు ఎంతో ముందే లెక్క వేసుకోవాలి. ఈ ఇంటిని అమ్మడానికి, కిరాయికి ఇవ్వడానికి వీల్లేదు కూడా.

సొంత జాగా ఉంటే

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం వేరు. జాగా మీదే అయితే మొహల్లా వదలక్కర్లేదు. 5 లక్షలు నాలుగు విడతల్లో ఇస్తారు. అయితే బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి లక్ష వస్తుంది, అప్పటిదాకా పెట్టుబడి మనదే. ఇంటాయన గల్ఫ్‌లో ఉంటే ఆ డబ్బు ముందే సర్దుకోవాలి. లేకపోతే వడ్డీకి తేవాల్సి వస్తుంది. ఇల్లాలి ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. చిన్న తేడా ఉన్నా బిల్లు ఆగొచ్చు.

లెక్కలో ఉండండి

చివరి జనగణన 2011లో జరిగింది. అప్పటికి మండెపల్లి, నూకపల్లి కాలనీలు లేవు, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలు కూడా లేవు. కొత్త జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే లెక్కకు వస్తారు. స్కూలు, దవాఖానా, బస్సు అడగడానికి ఆ సంఖ్యే ఆధారం.

ఇల్లు మారినవాళ్లు ఫారం 8 నింపి ఓటును కొత్త చిరునామాకు మార్చుకోవాలి. ఆధార్‌లోనూ చిరునామా మార్పించాలి. ఇల్లు ఒకచోట, ఓటు మరోచోట ఉంటే కాలనీలో నల్లా నీళ్ల గురించి అడిగినా వినేవారుండరు.