ఒకే గిన్నెలో గ్రీకు కోడి, అన్నం

ఆదివారం కోడికూర అంటే ఇంట్లో అందరికీ పండగే. వండే ఆవిడకి మాత్రం పొయ్యి దగ్గర రెండు గంటల కాపలా! కూర ఒక గిన్నె, అన్నం ఒక గిన్నె, రసం ఇంకో గిన్నె. అందరూ తిని లేచాక ఆవిడ కంచంలోకి వచ్చేది మెడ ముక్కా, అడుగున మిగిలిన పులుసూ!

గ్రీసు దేశంలో ఇళ్ళల్లో దీనికో సులువైన పద్ధతుంది. నిమ్మరసం, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఓరెగానో అనే ఆకు పట్టించిన కోడిముక్కల్ని బియ్యం మీద పేర్చి ఓవెన్‌లో పెట్టేస్తారు. కోడి రసమంతా దిగి అన్నానికి పడుతుంది.

ఈ కిటుకు మన అడవి పల్లెలకి కొత్తేం కాదు. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి వెళ్ళే దారిలో బొంగు చికెన్ చూసే ఉంటారు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె అక్కర్లేదు. ముక్కలోని తేమతోనే ముక్క ఉడుకుతుంది. ఆవిరి బయటికి పోకుండా చూసుకోవడమే ఇక్కడైనా, అక్కడైనా అసలు రహస్యం.

మరి ఓరెగానో ఎక్కడ తెచ్చేదంటారా? కుండీలో వామాకు ఉంటే చాలు. రెండింటి ఘాటూ దగ్గర దగ్గరే. ఆలివ్ నూనె బదులు వేరుశనగ నూనె వాడుకోవచ్చు.

నలుగురికైతే తొడతో సహా నాలుగు లెగ్ పీసులు తీసుకోండి. గాట్లు పెట్టి, ఒక నిమ్మకాయ రసం, దంచిన వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, తరిగిన వామాకులు ఆరు, మిరియాల పొడి, ఉప్పు పట్టించి గంటసేపు ఉంచండి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో మూడు చెంచాల నూనె వేసి, ముక్కల్ని రెండు వైపులా ఎర్రగా వేయించి తీసెయ్యండి. అదే నూనెలో ఉల్లిపాయ ముక్కలు, కడిగి వార్చిన రెండు గ్లాసుల బియ్యం వేయించండి. నాలుగు గ్లాసుల వేడినీళ్ళు, సరిపడా ఉప్పు వేసి, ముక్కల్ని పైన పేర్చి, బిగుతుగా మూతపెట్టి సన్నసెగ మీద పాతిక నిమిషాలు ఉంచండి. దించాక పది నిమిషాలు మూత తియ్యకండి. ఎముక దగ్గర గులాబీరంగు కనిపిస్తే ఇంకాస్త ఉడకనివ్వాలి.

పక్కన కీరదోసకాయ తురుము, వెల్లుల్లి కలిపిన గట్టి పెరుగు. గ్రీకువాళ్ళదీ అదే, మన పెరుగు పచ్చడికి చెల్లెలు!

గిన్నె తెచ్చి మధ్యలో పెట్టండి. మళ్ళీ మళ్ళీ లేచి వడ్డించే పని లేదు కాబట్టి మీరూ కంచం పెట్టుకుని కూర్చోండి. నాలుగు లెగ్ పీసుల్లో ఒకటి మీదేనని ముందే చెప్పెయ్యండి.