పింఛనుదారుకి బడి ఇచ్చేది

సేవ చేస్తే పుణ్యమని పెద్దలంటారు. పుణ్యాన్ని కొలిచే పరికరం ఇంకా రాలేదు గానీ, సేవ చేసిన మనిషి మెదడును మాత్రం వైద్యులు కొలిచి చూశారు.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ‘ఎక్స్‌పీరియన్స్ కోర్’ అనే పథకం నడిచింది. అరవై దాటినవారు వారానికి 15 గంటలు దగ్గరలోని ప్రభుత్వ ప్రాథమిక బడికి వెళ్ళాలి. చిన్న తరగతుల పిల్లల పక్కన కూర్చుని చదివించాలి, లైబ్రరీ చూసుకోవాలి, పిల్లల తగవులు తీర్చాలి. చేతికొచ్చేది దారిఖర్చుల పాటి భత్యమే.

ఇలాంటి పరిశోధనలకు ఎప్పుడూ ఒక చిక్కుంటుంది. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళే సేవకు ముందుకొస్తారు. సేవ వల్ల ఓపిక వచ్చిందో, ఓపిక ఉండబట్టి సేవ చేశారో తేలదు. అందుకే జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు, సిద్ధమని వచ్చిన 702 మందిని లాటరీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునే బడికి పంపారు. కొందరికి మెదడు స్కాన్లు కూడా తీశారు. రెండేళ్ళు బడికి వెళ్ళిన మగవారిలో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ వయసుతో కుంచించుకుపోవలసింది పోయి, కాస్త పెరిగింది. ఆడవారిలో మార్పు అంతకన్నా స్వల్పం.

ఇందులో మాయేమీ లేదు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మనిషి ఉతికిన బట్టలు కట్టుకుని బయటికి నడవాలి, మెట్లెక్కాలి, ముప్ఫైమంది పిల్లల పేర్లు గుర్తుపెట్టుకోవాలి, తీసివేతలు రాని కుర్రాడికి మరో దారిలో ఎలా చెప్పాలా అని ఆలోచించాలి. అన్నిటికీ మించి, రాకపోతే “తాతగారు ఏరీ?” అని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్న ఏ మందులషాపులోనూ దొరకదు.

అలాగని ఆరోగ్యం కోసమే సేవకు దిగితే? విస్కాన్సిన్ రాష్ట్రంలో 1957లో హైస్కూలు పూర్తిచేసినవారిని పరిశోధకులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. 2012లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం, ఎదుటివారి అవసరం చూసి సేవ చేసినవారు ఆ తరువాతి నాలుగేళ్ళలో తక్కువగా చనిపోయారు. తమ మేలు కోసం చేసినవారికీ, అసలు చేయనివారికీ పెద్ద తేడా లేదు. లాభం లెక్కవేసుకుని వచ్చినవాడికి లాభం రాలేదన్నమాట!

ఇక ఊరికి దక్కేదేమిటో తెలుసుకోవడానికి బాల్టిమోర్ దాకా పోనక్కరలేదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కాలువగట్టు ఊళ్ళకు చేర్చారు. చదువురానివారికి పత్రిక చదివి వినిపించడం, రాత్రిబడి నడపడం, ఇవన్నీ జీతంలేని పనులే. ఒకే అరుగు మీద కూర్చుని ఒకే వార్త విన్నవాళ్ళు, రేపు చెరువుకట్ట తెగితే ఒకరి ముఖం ఒకరు ఎరిగి ఉంటారు. పరాయి మనిషిని నమ్మే అలవాటు ఊరికి అలా వస్తుంది. ఆ అలవాటు ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు గ్రంథాలయాలకు చట్టం ఉంది, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు కూడా కడుతున్నాం. కానీ పక్కన కూర్చుని కథ చదివించే పెద్దమనిషిని సెస్సు తెచ్చిపెట్టదు.

రిటైరైనవారికి ఒక మనవి. ఆగస్టు 15న పలకలు పంచి ఫొటో దిగి వచ్చేయకండి. మీ వీధి బడికి వెళ్ళి, పిల్లలకు ఏం కావాలో హెడ్మాస్టరుగారిని ముందు అడగండి. మీకు తోచింది కాదు, ఆయన చెప్పింది చేయండి. వారానికి రెండు గంటలైనా చాలు, కానీ చెప్పిన రోజున చెప్పిన వేళకు వెళ్ళండి.