పంటకు బీమా సరే.. ప్రీమియం ఎవరు కట్టాలె?

గల్ఫ్‌లో ఉన్న మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు మార్చి వచ్చిందంటే గుండెల్లో దడ. ఇక్కడ ఎండలు మొదలవుతాయని కాదు. అక్కడ యాసంగి వరి ఈనే టైం, మక్క కంకి పట్టే టైం. రాళ్లవాన పడేదీ అప్పుడే. పడిన తెల్లారే ఫోన్ వస్తుంది. "పొలమంతా పోయింది బిడ్డా, ఈ నెల జర ఎక్కువ పంపు" అని. పంటకు బీమా లేని ఇంటికి మన జీతమే బీమా అన్నట్టు. ప్రీమియం మనదే, క్లెయిమూ మనదే.

పంటల బీమాకు సర్కారు సబ్సిడీ ఇవ్వాలా వద్దా అని మా క్యాంపులో తినే దగ్గర వాదన నడుస్తుంటుంది. "బండి ఇన్సూరెన్స్ మనమే కట్టుకుంటలేమా? రైతుకు సర్కారు ఎందుకు కట్టాలె?" అంటాడు మా రూములో ఒక తమ్ముడు. అడగాల్సిన ప్రశ్నే.

నేను సివిల్ డిప్లొమా చేసి సైటు సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నా. సైటు లెక్కలోనే చెప్తా. పెద్ద ప్రాజెక్టు ఏదైనా సరే, కాంట్రాక్టరు ముందుగాల ఇన్సూరెన్స్ తీస్తాడు. ఆ పైసలు జేబులోంచి పెడతాడా? పెట్టడు. కొటేషన్ రేటులో కలుపుతాడు. చివరికి కట్టేది బిల్డింగ్ ఓనరే. రైతు వడ్ల రేటులో ప్రీమియం కలపగలడా? మద్దతు ధర ఢిల్లీలో ఖరారవుతుంది. బయట అమ్మితే వ్యాపారి చెప్పిందే రేటు. కొటేషన్ రాసే హక్కు లేనివాడు ప్రీమియం మొత్తం భరించాలనడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చిన మనోళ్లు ప్రవాసీ భారతీయ బీమా కట్టే ఉంటారు. 2017లో సవరించినప్పుడు రెండేళ్లకు 275 రూపాయలు పెట్టారు, బీమా 10 లక్షలు. అంత తక్కువకు ఎట్ల వస్తుంది? లక్షల మంది కడతారు, ప్రమాదం ఏ కొద్దిమందికో జరుగుతుంది. పంట అట్ల కాదు. కరువొస్తే మండలానికి మండలమే ఎండుతుంది, తుపానొస్తే జిల్లాకు జిల్లానే మునుగుతుంది. అందరికీ ఒకేసారి చెల్లించాలి కాబట్టి కంపెనీ ఎక్కువ రేటు అడుగుతుంది. ఆ రేటుకు రెండెకరాల రైతు దగ్గరికి కూడా పోడు.

2016లో వచ్చిన ఫసల్ బీమా ఈ లెక్క మీదనే నడుస్తుంది. వానాకాలం ఆహార పంటలకు, నూనెగింజలకు రైతు వాటా 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం. మిగిలింది కేంద్రం, రాష్ట్రం చెరిసగం. ఉదాహరణకు ఎకరా వరికి 40 వేల బీమా, కంపెనీ రేటు 10 శాతం అనుకుందాం. ప్రీమియం 4 వేలు. వానాకాలంలో రైతు 800 కడతాడు. మిగతా 3,200లో కేంద్రం 1,600, రాష్ట్రం 1,600.

చిక్కు ఆ రాష్ట్రం వాటా దగ్గరే. అది లేటైతే క్లెయిమ్ కూడా లేటు. అప్పు వడ్డీ మాత్రం ఆగదు. ఖర్చు ఎక్కువవుతుందని కొన్ని రాష్ట్రాలు పథకం నుంచే తప్పుకున్నాయి. తెలంగాణ 2020లో బయటికొచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడు బయటికొచ్చి, సొంతంగా ఉచిత బీమా నడిపి, 2022 ఖరీఫ్‌లో మళ్లీ చేరింది.

మన తెలంగాణలో చాలామంది రైతు బీమాను పంట బీమా అనుకుంటారు. అది వేరు. 2018 ఆగస్టు నుంచి ఉన్న ఆ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకమే, కాదనను. కానీ రైతు చనిపోతే పైసలొచ్చి, పంట పోతే రాకపోతే ఎట్ల?

2023 మార్చి రాళ్లవానకు మా పొలం కూడా పోయింది. అప్పుడు సర్కారు ఎకరాకు 10 వేలు ప్రకటించింది. అది సాయమే కానీ బీమా కాదు. ప్రకటించే దాకా వస్తుందో రాదో ఎవరికీ తెల్వదు. బీమా అయితే కాగితం మీద హక్కు ఉంటుంది, అడగొచ్చు.

మరి మొత్తం ఉచితంగా ఇస్తే? మహారాష్ట్ర 2023లో రూపాయికే పంట బీమా పెట్టింది. సాగులో లేని భూముల మీద, వేరేవాళ్ల భూముల మీద కూడా దరఖాస్తులు పడ్డాయి. 2025లో ఆపేశారు. అందుకే రైతు కొంత కట్టాలె. కట్టినవాడే రసీదు దాచుకుంటాడు, క్లెయిమ్ కోసం అడుగుతాడు. 2020 దాకా పంట లోను ఉన్నవాళ్లకు బీమా తప్పనిసరి. బ్యాంకులో ప్రీమియం కోసుకున్నట్టు కూడా చాలామందికి తెల్వదు. తెల్వనివాడు ఏం అడుగుతాడు?

కంపెనీలకు దోచిపెట్టడమే అనే మాటా ఉంది. పంట బాగా పండిన ఏడు కంపెనీకి మిగులుతుంది, నిజమే. అదే మహారాష్ట్రలో బీడ్ జిల్లాలో 2020లో ఒక పద్ధతి పెట్టారు. క్లెయిములు ప్రీమియంలో 110 శాతం దాటితే పై భారం రాష్ట్రానిది. బాగా తక్కువైతే కంపెనీ 20 శాతం ఉంచుకుని మిగిలింది సర్కారుకు తిరిగివ్వాలి. సబ్సిడీ ఆపే బదులు ఇట్లాంటి షరతులు పెట్టొచ్చు.

పథకం అమల్లో ఉన్న చోట ఊరివాళ్లకు ఫోన్లో ఒకటి చెప్పండి. రాళ్లవానకు మీ ఒక్క చేనే పోతే 72 గంటల్లో చెప్పాలె, 14447 నంబరు ఉంది. కోసి చేనులో ఆరేసిన పంట వానకు తడిసినా 14 రోజుల దాకా రక్షణ ఉంటుంది. ఊరంతా దిగుబడి తగ్గితే ఎవరూ ఫోన్ చేయనక్కర్లేదు, పంట కోత ప్రయోగాల లెక్కతో తేలుస్తారు.

ఇక కౌలు సంగతి. మనలో చాలామంది పొలం కౌలుకిచ్చి వచ్చినవాళ్లమే. పట్టా మన పేరు మీద, నష్టం కౌలు చేసినవాని నెత్తిన. ఆంధ్రలో 2019 చట్టంతో కౌలు రైతులకు సాగు హక్కు కార్డులు పెట్టారు, 11 నెలల ఒప్పందం మీద. దానికి భూమి యజమాని సంతకం అడిగారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయపడి చాలామంది పెట్టలేదు. ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదు, ఆ పంట మీదనే వస్తుంది. ఈసారి సెలవు మీద పోయినప్పుడు మీ పొలం చేసేవాని పేరు బీమాలో ఉందో లేదో అడగండి.