బడిలో మొక్క: ఫొటో జులైలో, పరీక్ష మే నెలలో

మన వీడియోల్లో ఎప్పుడూ పొలం, వరి, జీవామృతం ఇవే కదా. ఈసారి పైన ఉన్న వీడియో మాత్రం విజయవాడలో ఒక మున్సిపల్ హైస్కూల్లో తీశాను. సుమారు 20 సెంట్ల ఆవరణ. సగం సిమెంటు, ఒక మూల ముసలి వేపచెట్టు, అంతే. అక్కడ నేను చేసిన తప్పు ముందు చెప్పేస్తాను. దిద్దుకున్నది తర్వాత.

మూడేళ్ల కిందట జులైలో మా నర్సరీ నుంచి 40 మొక్కలు తీసుకెళ్లాను. పిల్లలు నాటారు, ఫొటోలు దిగాం, చాక్లెట్లు పంచాం. మళ్లీ జూన్‌లో బడి తెరిచాక వెళ్లి చూస్తే బతికినవి రెండే. హెచ్‌ఎం మేడం కోప్పడలేదు. "ఏటా నాటుతూనే ఉన్నాం అండీ, ఏటా అవే గుంతల్లో" అని నవ్వారు. వ్యవసాయ డిప్లొమా చదివి, మొక్కలమ్ముకుని బతికేవాడిని నేను. ఆ నవ్వు బాగా గుచ్చుకుంది.

ఎందుకు చచ్చాయి?

తవ్వితే తెలిసింది. పైన అర అడుగు మట్టి, కింద అంతా బిల్డింగు కట్టినప్పటి ఇటుక ముక్కలు, కంకర, గట్టిపడ్డ సిమెంటు. గడ్డపార వేస్తే ఠంగుమంది. వేరు ఎటు పోతుంది?

రెండో కారణం ఇంకా పెద్దది. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా బడికి సెలవులు, గేటుకి తాళం. బెజవాడ ఎండల్లో మొదటి ఏడాది మొక్కకి అన్ని వారాలు నీళ్లు లేకపోతే ఏ జాతి అయినా ఒకటే. మేం నాటింది జులై కోసం. మొక్క బతకాల్సింది మే నెలలో.

రెండోసారి 14 మాత్రమే

గుంత మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు తీశాం. రాళ్లన్నీ ఏరేసి చెరువు మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఘన జీవామృతం కలిపి నింపాం. నింపే ముందు గుంత నిండా నీళ్లు పోసి చూడండి. మర్నాటికి ఇంకిపోవాలి. నిలబడిపోతే ఇంకా తవ్వాలి, లేదా చోటు మార్చాలి. కవర్లో వేర్లు చుట్టుకుపోయి ఉంటే ఆ చుట్టలు కత్తిరించాకే నాటాలి.

జీవామృతం 9వ తరగతి పిల్లలే కలిపారు. డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు, పూటకోసారి కలపడం. మొదటి రోజు అందరూ ముక్కు మూసుకున్నారు. మూడో రోజు నేను కలుపుతానంటే నేను కలుపుతానని కర్ర కోసం కొట్లాట!

బడి క్యాలెండర్ చూసి చెట్టు

ఇది నాకు బాగా నచ్చిన విషయం. మన నేల చెట్లకి కూడా ఒక టైంటేబుల్ ఉంది. ఒంటిపూట బడుల రోజులకి కానుగ లేత ఆకులు వేసి నీడ ఇస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ ఎర్రగా పూస్తుంది. చలికాలంలో ఉసిరి కాయ. బడి తెరిచే వేళకి నేరేడు పళ్లు. రేల పూసేసరికి సెలవులొచ్చేస్తాయి, ఆ అందం వాచ్‌మన్ బాబాయ్‌కే!

వద్దనుకున్నవీ ఉన్నాయి. గన్నేరు విషం, పిల్లల మధ్య వద్దు. మునగకి గొంగళిపురుగులు పడతాయి. మర్రి, రావి గోడల్ని చీలుస్తాయి. కోనోకార్పస్ పచ్చగా కనపడుతుంది కానీ మన చెట్టు కాదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని నిషేధం పెట్టింది.

వేప కింద తరగతి

ముసలి వేప మొదలు దాకా సిమెంటు పోసి ఉంది. చుట్టూ నాలుగడుగుల మేర పగలగొట్టించాం. దాని బయట పాత ఇటుకలతో అర్ధచంద్రాకారంలో అరుగు కట్టాం. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్లాగా కొండలు, లోయలు మనకెక్కడివి? ఈ అరుగు చాలు. లెక్కల టీచర్ చెట్టు నీడ కొలిపించి ఎత్తు కట్టిస్తున్నారు. సైన్సు టీచర్ రాలిన ఆకుల గుంత తవ్వించారు. ఇదివరకు ఆ ఆకులు తగలబెట్టేవాళ్లు. ఇప్పుడవి మొక్కల మొదట్లో ఆచ్ఛాదన.

మే నెల

మొక్కకో మట్టికుండ మెడదాకా పాతాం. నీళ్లు పోసి మూత పెడితే మెల్లగా ఊరుతాయి. దోమల బాధ లేదు. వారానికి రెండుసార్లు నింపాలి. ఆ పని వాచ్‌మన్ బాబాయ్ ఒప్పుకున్నాడు. తీరా మే మొదట్లో కూతురి పెళ్లికని ఊరెళ్లాల్సి వచ్చింది. నాకు ఫోన్ చేసి "బాబూ, తాళం మన ఎనిమిదో తరగతి పిల్ల వాళ్లమ్మకిచ్చాను" అన్నాడు. వాళ్లిల్లు గోడ వెనకే. పొద్దున్నే తల్లీకూతుళ్లు బిందెలతో వచ్చి మూడు వారాలు కుండలు నింపారు. ఎవరూ ఫొటో తీయలేదు.

14లో 11 ఉన్నాయి. రెండు మేకలు తినేశాయి. ఒకటి, బాత్రూమ్ రిపేరుకొచ్చినవాళ్లు మిగిలిన సిమెంటు దాని మొదట్లో కుమ్మరిస్తే పోయింది. కానుగలు నా తల దాటాయి. నేరేడు ఇంకా కాయలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. తను వెళ్లిపోయేలోపు కాయదేమో. అయినా రోజూ బడి విడిచాక దాని దగ్గర ఒకసారి ఆగి వెళ్తుంది.

ఇప్పుడు ఏ స్కూలు వాళ్లు మొక్కలు కావాలని వచ్చినా, ఎన్ని అని అడగను. ముందు ఒకటే అడుగుతాను: మే నెలలో మీ గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది?