పై అంతస్తు ప్రింటర్ ఎందుకు కనబడదు?

ప్రింటర్ పనిచేస్తూనే ఉంటుంది. దాని ఐపీ అడ్రసు తెలిసినవాడు పై అంతస్తు నుంచైనా కాగితం తీయగలడు. తెలియనివాడు మాత్రం ల్యాప్‌టాప్ తెరిచి, ప్రింటర్ల జాబితా ఖాళీగా కనబడితే కింద అంతస్తులోని సాంకేతిక సిబ్బందికి ఫోన్ చేస్తాడు. కాలేజీల్లో, పెద్ద ఆఫీసుల్లో ఈ ఫిర్యాదు పాతదే. దారి ఉన్నంత మాత్రాన ఆచూకీ దొరకాలని లేదు. ప్రింటర్ ఉనికిని తెలిపే ఏర్పాటు వేరు, దానికి కాగితం పంపే ఏర్పాటు వేరు.

ఆచూకీ చెప్పే ఈ యంత్రాంగం పుట్టడానికి కారణం ప్రింటర్ ఖరీదు. 1985లో ఆపిల్ సంస్థ లేజర్‌రైటర్‌ను 6,995 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అంత పోసి ప్రతి బల్ల మీదా ఒకటి పెట్టుకోవడం ఎవరి తరం? నలుగురూ పంచుకోవాల్సిందే. అందుకే దానికి తోడుగా ఆపిల్‌టాక్ అనే నెట్‌వర్క్ పద్ధతి వచ్చింది. మాకింటోష్‌లో చూజర్ అనే చిన్న కిటికీ తెరిస్తే చాలు, ప్రింటర్లు పేర్లతో సహా కనబడేవి. అంకెలు కొట్టే పని లేదు. ఇంకో విశేషం: ఆపిల్‌టాక్‌లో నెట్‌వర్క్‌ను జోన్లుగా విడదీసేవారు. మీరు వేరే జోన్ ఎంచుకుంటే, అక్కడ ఏయే ప్రింటర్లున్నాయో అడిగే ప్రశ్నను రౌటర్లే మోసుకెళ్ళేవి. ఈనాడు మనం తల పట్టుకునే చిక్కును 1980లలోనే విప్పేశారన్నమాట.

తరవాత ఇంటర్నెట్ పద్ధతులు గెలిచాయి, ఆపిల్‌టాక్ మూలపడింది. దానితోపాటే ఆ సౌకర్యమూ పోయింది. మనుషులు మళ్ళీ చీటీల మీద ఐపీ అడ్రసులు రాసుకున్నారు. ఇది నచ్చనివారిలో స్టువర్ట్ చెషైర్ ఒకరు. బోలో అనే ట్యాంకుల ఆట రాసి, నెట్‌వర్క్‌లో పదిమందీ కలిసి ఆడుకునేలా చేసిన మనిషి. ఐపీ మీద కూడా పేరుతోనే వెతుక్కునే పద్ధతి ఉండాలని 1990ల చివర్లో ఆయన వాదించారు, తరవాత ఆపిల్‌లోనే ఆ పని చేపట్టారు. ఫలితం 2002లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.2తో రాండెవూ పేరిట విడుదలైంది. ట్రేడ్‌మార్కు తగాదా వచ్చి 2005లో బాంజూర్‌గా మారింది. లినక్స్‌లో అవాహి అదే పని చేస్తుంది.

బాంజూర్ నడక దండోరా లాంటిదే. ప్రింటర్లు ఎవరున్నారని ల్యాప్‌టాప్ 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రసుకు, 5353 పోర్టుకు కేక వేస్తుంది. ఉన్న ప్రింటర్లు పలుకుతాయి. అయితే ఆ కేక ఊరి పొలిమేర దాటదు. 224.0.0తో మొదలయ్యే అడ్రసులను రౌటర్ ఎప్పుడూ అవతలి సబ్‌నెట్‌కు, అంటే నెట్‌వర్క్‌లోని మరో ముక్కకు, పంపకూడదన్నది నియమం. పై అంతస్తు వేరే సబ్‌నెట్ అయితే కింది కేక అక్కడికి చేరదు. అది తెలిసి పెట్టుకున్న కట్టుబాటే. వేలాది పరికరాలున్న విశ్వవిద్యాలయంలో ప్రతి కేకా ప్రతి చెవికీ చేరితే వైఫై ఆ రొదకే సరిపోతుంది. ఇంట్లో హాయిగా సాగిన బాంజూర్ కాలేజీలో చతికిలబడింది అందుకే.

2010 చివర్లో ఐఓఎస్ 4.2తో, ఐఫోన్ నుంచే ముద్రించే ఎయిర్‌ప్రింట్ రావడంతో బాధ ముదిరింది. కంప్యూటర్లో అయితే అడ్రసు చేత్తో కొట్టి గట్టెక్కవచ్చు. ఐఫోన్‌లో ప్రింటర్ అడ్రసు రాసే చోటే లేదు. కనబడితే ఉంది, లేకపోతే లేదు. 2012లో అమెరికా విశ్వవిద్యాలయాల సాంకేతిక సిబ్బంది ఎడ్యుకాజ్ సంస్థ నీడన ఆపిల్‌కు అర్జీ పెట్టుకున్నారు. బాంజూర్, ఎయిర్‌ప్రింట్‌లు సబ్‌నెట్లు దాటి పనిచేసేలా చూడమని వారి మొర.

నన్నడిగితే ఇందులో వింత ఏమిటంటే, మందు అప్పటికే బాంజూర్‌లో ఉంది. చెషైర్, ఆయన సహచరుడు మార్క్ క్రోచ్‌మల్ కేకలకు కొత్త భాష కనిపెట్టలేదు. పేరు చెబితే అడ్రసు చెప్పే, 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్ రికార్డులనే వాడుకున్నారు. కాబట్టి ప్రింటర్ నోటితో చెప్పే ఆ రికార్డులనే మామూలు డీఎన్‌ఎస్ సర్వర్లో రాసి పెట్టవచ్చు. అప్పుడు కేక అక్కర్లేదు. సర్వర్‌ను అడిగే ప్రశ్నకు ఏ సబ్‌నెట్టూ అడ్డు కాదు. 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6763 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా అచ్చయిన పద్ధతి ఇదే.

రాయాల్సినవి కొద్దిపాటి రికార్డులే. ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లో చేరగానే, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ దానికి సంస్థ డొమైన్ పేరు కూడా చెబుతుంది. ఆ డొమైన్‌లో ‘ఎల్‌బీ’, ‘బీ’ అనే పేర్లతో పీటీఆర్ రికార్డులుంటాయి: ఇక్కడి సేవల జాబితా ఫలానా డొమైన్‌లో చూడమని. అక్కడికెళ్ళి ఐపీపీ ముద్రణ సేవలేవని అడిగితే ఇంకో పీటీఆర్ వరస ప్రింటర్ల పేర్లు ఇస్తుంది. ఒక పేరు ఎంచుకున్నాక ఎస్‌ఆర్‌వీ రికార్డు అది ఏ యంత్రమో, ఏ పోర్టో (సాధారణంగా 631) చెబుతుంది. టీఎక్స్‌టీ రికార్డు దాని గుణగణాలు చెబుతుంది: రంగు ముద్రిస్తుందా, రెండు వైపులా వేస్తుందా, పీడీఎఫ్ తింటుందా అని. ఐఫోన్లకు ‘యూనివర్సల్’ అనే ఉపరకం కింద మరో పీటీఆర్ కూడా ఉండాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే. మ్యాక్‌లో కనబడిన ప్రింటర్ ఫోన్‌లో మాయమైతే ముందు అక్కడ చూడండి.

ఒక్కో సబ్‌నెట్‌కు వేరే జాబితా ఇచ్చే వెసులుబాటూ ఉంది. పరికరం తన నెట్‌వర్క్ అంకెలను తిరగేసి, ఆ పేరుతోనూ ఇదే ప్రశ్న వేయగలదు. గ్రంథాలయంలో కూర్చున్నవాడికి గ్రంథాలయం ప్రింటర్లే చూపించవచ్చు.

ప్రింటర్ పేరును తెలుగులోనూ పెట్టుకోవచ్చు. ఈ పేర్లకు యూటీఎఫ్-8 చెల్లుతుంది, హద్దు 63 బైట్లు. తెలుగులో అచ్చుకో హల్లుకో గుణింతపు గుర్తుకో తలా మూడు బైట్లు ఖర్చు. ‘మూడో అంతస్తు ప్రింటర్’ అన్న పేరు 59 బైట్లతో సరిగ్గా ఇమిడిపోతుంది. దానికి ‘కొత్త’ అని తగిలిస్తే పట్టదు.

లోపాలూ ఉన్నాయి. నోటితో చెప్పే ప్రింటర్ ఆపేస్తే కాసేపట్లో జాబితాలోంచి తప్పుకుంటుంది. సర్వర్లో రాసినది రాసినట్టే ఉంటుంది. 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8766 దీనికి మధ్యవర్తిని సూచించింది. డిస్కవరీ ప్రాక్సీ అనే ఆ మధ్యవర్తి సబ్‌నెట్‌లోనే కూర్చుని, బయటివారి ప్రశ్నను లోపల కేకగా మార్చి, జవాబు తెచ్చిస్తుంది. ఒక సబ్‌నెట్ కేకలను యథాతథంగా ఇంకో సబ్‌నెట్‌లో వినిపించే రిఫ్లెక్టర్లూ ఉన్నాయి. పెట్టడం తేలికే గానీ, రౌటర్ ఆపిన రొదను మళ్ళీ ఇంట్లోకి పిలుచుకోవడమే అది. పది ఇరవై ప్రింటర్లున్న సంస్థకు చేత్తో రాసిన రికార్డులే మేలని నా అభిప్రాయం.

ఆ దారి పట్టేవారు రెండు పనులు మరవొద్దు. సబ్‌నెట్ల మధ్య ఫైర్‌వాల్ 631 పోర్టును వదులుతోందో లేదో చూసుకోండి. లేకపోతే పేరు కనబడుతుంది, కాగితం రాదు. ప్రింటర్‌ను తుక్కుకు వేసిన రోజే దాని రికార్డులనూ తీసేయండి.